మెల్లకన్ను పురుగు

ఉతికిన బట్టలు వేడివేడిగా మడత పెడుతుంటే వచ్చే వాసన ఎక్కడ తగిలినా సరే, పురుగుల మేడంకి చదువుకున్న రోజులు గుర్తొస్తాయి. పుస్తకాల వాసనకో, ల్యాబులో మందుల వాసనకో గుర్తు రావాలి గానీ ఇదేం చోద్యం అంటారు ఇంట్లోవాళ్ళు. వాళ్ళకేం తెలుసు. ఆవిడకి వచ్చిన జీవశాస్త్రంలో సగం ల్యాబులో వచ్చింది, మిగతా సగం ఒక లాండ్రీలో వచ్చింది.

అప్పటికి ఆవిడ మేడం కాదు, ఉత్త పురుగులమ్మాయి. పీహెచ్‌డీ చేస్తోంది. యూనివర్సిటీ వెనక వీధిలో, చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆ లాండ్రీ. ఒక గోడ పొడుగునా గుండ్రటి గాజు తలుపుల మిషన్లు, వాటికెదురుగా పొడుగాటి బెంచీ, మూలన ఒక కాలు పొట్టిదైన బల్ల. జనం బట్టలు మిషన్లో పడేసి, ఆ బెంచీ మీద కూలబడి, తమ చొక్కాలూ దుప్పట్లూ తిరుగుతుంటే గుడ్లప్పగించి చూసేవాళ్ళు. అంత తీరిగ్గా, చేతిలో ఏ పనీ లేకుండా మనుషులు ఒకచోట దొరకడం ఎంత అదృష్టమో మొదట కనిపెట్టినవాడు బూజు.

బూజంటే మనిషే. రొట్టె మీద పట్టే బూజు గురించి పరిశోధన చేసేవాడు కాబట్టి ఆ పేరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. "మనం ఏం చేస్తున్నామో మా అమ్మకే చెప్పలేకపోతున్నాను, ఇంక ఊరికేం చెప్తాం? ఇక్కడ నేర్చుకుందాం. పారిపోదామన్నా వీళ్ళ బట్టలు తడిగా ఉంటాయి," అన్నాడు. అలా శనివారం శనివారం మూల బల్ల దగ్గర వాళ్ళ దుకాణం మొదలైంది.

ఆ దుకాణానికి కొన్ని రూల్సు పెట్టుకున్నారు. ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళ మిషను ఆగేలోపు చెప్పడం అయిపోవాలి. కంప్యూటర్లూ పటాలూ ఉండకూడదు, నోరుంది, ల్యాబు నుంచి తెచ్చిన ఒక్క వస్తువుంది, అంతే. అన్నిటికన్నా పెద్ద రూలు ఏమిటంటే, వినేవాళ్ళు అడిగినదానికి ఈ లోకంలో ఇంకా ఎవరికీ జవాబు తెలియకపోతే, నీళ్ళు నమలకుండా "తెలియదు" అనాలి. అలా అనిపించినవాళ్ళకి బహుమతిగా ఆ వస్తువు ఇచ్చెయ్యాలి. బూజు ఇచ్చే రొట్టె ముక్కని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, వాడికి అదొక దిగులు. పురుగులమ్మాయి పురుగులకి మాత్రం గిరాకీ బాగానే ఉండేది.

అవి నీళ్ళలో బతికే బల్లపరుపు పురుగులు. గోరు తెగిపడ్డంత ఉంటాయి, మట్టిరంగు. రెండుగా కోస్తే తల ముక్కకి తోకా, తోక ముక్కకి తలా మొలిచి రెండు పురుగులవుతాయి. ఈ సంగతి శాస్త్రానికి పాతదే. పురుగులమ్మాయి పురుగుల ప్రత్యేకత వాటి బద్ధకం. హాస్టలు వెనక కాలవలో దొరికిన ఆ రకానికి తల మొలవడానికి, మిగతావాటికి పట్టేదానికి మూడు నాలుగింతలు పట్టేది. ఒక్కోసారి మొలవక ముందే తోక ముక్క చచ్చిపోయేది. ఎందుకింత ఆలస్యం, ఏది అడ్డుపడుతోంది అన్నదే ఆ అమ్మాయి చదువు. తర్వాత ఆ కాలవ పూడ్చి కార్లు నిలుపుకోడానికి చోటు చేశారు. దాంతో ఆ రకం పురుగులు ఆమె గాజు గిన్నెల్లో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయాయి. గైడుగారు కూడా ఆ గిన్నెల పక్కన నడిచేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచేవారు.

ఆ శనివారాల్లో ఒకరోజు కళ్ళజోళ్ళ షాపావిడ వచ్చింది. ఇంట్లో మిషను పాడైందట, షాపు కర్టెన్లన్నీ మూటకట్టుకుని తెచ్చింది. వాటిని మిషన్లో కుక్కి, బెంచీ మీద కూచోకుండా తిన్నగా బల్ల దగ్గరికొచ్చి, తన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి పురుగుల సీసాలోకి వంగింది.

"దీనికి మెల్లకన్ను," అంది.

"ఈ పురుగులన్నిటికీ అలాగే ఉంటుందండీ," అంది పురుగులమ్మాయి.

"అందరికీ ఉంటే అది మెల్లెలా అవుతుంది? అదే వాళ్ళ అందం. ఊఁ, చెప్పు. నా కర్టెన్లు తిరగడం మొదలైంది."

అంత మంచి శ్రోత ఆ బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు. రోజంతా ఆవిడ చేసేదేమిటి? గడ్డం చెక్క మీద ఆనించి కదలకుండా కూచున్నవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడమే. వాళ్ళు "మొదటిది", "రెండోది" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడరు. ఇంటికెళ్తే మొగుడు ఇంకా నయం, ఆ రెండు మాటలు కూడా అనడు. వెనక గదిలో కూచుని అద్దాలు అరగదీస్తాడు. ఆయన నోట్లోంచి మాట రాబట్టేసరికి తన తల ప్రాణం తోకకొస్తుందని ఆవిడే చెప్పింది. అలాంటి మనిషికి ఒక ఆడపిల్ల ఎదురుగా కూచుని, మంచుగడ్డ మీద పురుగుని పెట్టి, బ్లేడుతో కోసి చూపిస్తూ కబుర్లు చెబుతుంటే ఎలా ఉంటుంది? చెవులప్పగించింది.

మిషను ఆఖరి చుట్లు చుడుతూ దడదడలాడుతుండగా అడిగింది.

"నాకో అనుమానం అమ్మాయ్. రెండూ బతుకుతాయన్నావు. రెండిట్లో అసలుది ఏది?"

"తల ఉన్నదే కదండీ," అని నోటి దాకా వచ్చి ఆగిపోయింది పురుగులమ్మాయికి. కోయకముందు నేర్చుకున్నది తోకకి గుర్తుంటుందా ఉండదా అని శాస్త్రవేత్తలే కొట్టుకుంటున్నారు. ఉంటుందని కొందరు, అదంతా భ్రమని కొందరు. గుర్తుంటే తోకా అసలుదే అవ్వాలి. రెండూ అసలువే అయితే, మరి మొదటిది ఏమైనట్టు? బూజు పక్కనుంచి కాలితో తన్నాడు.

"తెలియదండీ," అంది.

"నీకు తెలియదా, ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ."

"అయితే నా పురుగు నాకియ్యి," అంది ఆవిడ చెయ్యి చాపి.

రాత్రంతా నిలవుంచిన నీళ్ళే పొయ్యాలని, సబ్బు తగలకూడదని, ఎండ పడకూడదని, అప్పుడప్పుడూ ఇంత లివరు ముక్క వెయ్యాలని, ఎట్టి పరిస్థితుల్లోనూ మురిక్కాలవలో పారబొయ్యొద్దని అప్పగింతలు పెట్టి, కోయని పురుగునొకదాన్ని మాత్రల సీసాలో వేసి ఇచ్చింది. ఆవిడ తడి కర్టెన్ల మూట ఒక చేత్తో, సీసా ఇంకో చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే కొంప మునిగింది.

పురుగులమ్మాయికి జ్వరం వచ్చి హాస్టల్లో పడుకుంది. స్నేహితురాలు మంచం పట్టింది కదా, వచ్చేసరికి ఆమె గిన్నెలు తళతళలాడుతుంటే సంతోషిస్తుందని బూజు అనుకున్నాడు. పురుగులన్నిటినీ జాగ్రత్తగా ఒక తొట్టిలోకి మార్చి, గిన్నెలు తోమాడు. తొట్టిని కూడా ముందే తోమి ఉంచాడు. బూజు పనిచేసేవాడికి సబ్బే దేవుడు. ఒక గిన్నెలో బూజు పక్క గిన్నెలోకి పోకుండా రోజంతా కడగడమే వాడి వృత్తి ధర్మం. పురుగులవాళ్ళ గదిలో మాత్రం సబ్బు మాటే ఎత్తరు. కడిగిన గాజుకి అంటుకున్న కాస్త సబ్బు చాలు, వాటి ఒళ్ళు కరిగిపోతుంది. వాడు మంచివాడు కాబట్టి రెండుసార్లు తోమాడు.

జ్వరం తగ్గి ఆమె వచ్చేసరికి తొట్టి అడుగున బంక మిగిలింది. బూజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తిడదామని నోరు తెరిచింది గానీ, వాడి మొహం చూసి తిట్టలేక కిందకూచుని ఏడ్చింది.

గైడుగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పురుగుల్లేకుండా నీ థీసిస్ లేదమ్మా. కొత్త అంశం తీసుకుని మొదటి నుంచి మొదలెట్టు, లేదంటే ఆపెయ్యి. నిర్ణయం నీదే," అన్నారు. ఇంట్లోవాళ్ళేమో అప్పటికే ఇంకెన్నాళ్ళమ్మా ఆ పురుగులతో అంటున్నారు.

లాండ్రీ గుర్తొచ్చింది బూజుకే. పశ్చాత్తాపంతో నిద్రపట్టక తిరుగుతుంటే తట్టిందట. ఇద్దరూ కలిసి, ఎప్పుడెవరికి పురుగుని ఇచ్చారో తలుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. టాక్సీ డ్రైవరు తన పురుగుని చేపల తొట్టిలో వేశాట్ట, చేప దాన్ని ఆ పూటే ఫలహారం చేసిందట. లెక్కల మేష్టారి భార్య సీసాలో మురికి నీళ్ళున్నాయని పూలకుండీలో పోసేసింది. ఇంకొకాయన కుళాయి కింద పట్టి మరీ శుభ్రం చేశాడు. తలుపు తెరిచిన ప్రతివాళ్ళూ "అయ్యో, అంత విలువైందా? చెప్పొద్దూ," అన్నారు. చెప్పడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు అసలు సంగతి చెప్పకుండా వదిలేశారన్నమాట.

కళ్ళజోళ్ళ షాపుకి చివర్లో వెళ్ళారు. ముందు గదిలో గోడ నిండా అక్షరాల చార్టు, గాజు బీరువాలో ఫ్రేములు, కంటికి కనబడనంత మరలున్న చిన్న డబ్బాలు. వెనక గదిలో అరగదీసే మిషను రొద. ఆవిడ వాళ్ళని చూడగానే, "వచ్చారా? రండి రండి, మెల్ల ఎంతైందో చూద్దురుగాని," అంది. మెల్లంటే ఆవిడ పురుగుకి పెట్టుకున్న పేరు.

పురుగులమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా ఆవిడ వెనకే లోపలికి నడిచింది.

వెనక గదిలో, ఆవిడ భర్త కూచునే బల్ల పక్కనే, నల్లగుడ్డ కప్పిన గాజు గిన్నె ఉంది. అడుగున ఒక గులకరాయి. ఆవిడ తన కళ్ళజోడు తీసి, దాని కాడతో గిన్నె అంచు మీద టక్ టక్ టక్ మని కొట్టింది. రాయి కింద నుంచి మెల్ల జారుతూ బయటికొచ్చి, అంచు దగ్గరికొచ్చి, తల పైకెత్తింది. మెల్లకన్ను మెల్లకన్నే.

"ఎప్పుడు అన్నం పెట్టినా ముందు ఇలా పిలుస్తా. వస్తుంది. ఈ ఇంట్లో పిలిస్తే పలికేది ఇదొక్కటే," అంది. ఆయన మిషను దగ్గర తల తిప్పకుండా నవ్వాడు.

పురుగులమ్మాయి జరిగిందంతా చెప్పింది. తనకి కావలసిందేమిటో చెప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు. ఆ రకం దానంతటది చీలిపోయేది కాదు, కోస్తేనే రెండవుతుంది. కోసి సగం ఇవ్వమని అడగాలి. ఇన్నాళ్ళుగా పేరు పెట్టి పిలుచుకున్నదాన్ని.

ఆవిడే అందుకుంది. "కోసుకెళ్ళాలి, అంతేనా?"

"తోక చాలు పిన్నీ," అంది పురుగులమ్మాయి. ఎప్పుడూ 'అండీ' అనేది, ఆ పూట వరస కలిసిపోయింది. "తల మీరే ఉంచుకోండి. మిమ్మల్ని ఎరిగింది అదే కదా."

"తోక బతుకుతుందా?"

రూలు రూలే. "ఈ రకంలో తోక చచ్చిపోవచ్చు. తల మాత్రం ఖాయంగా బతుకుతుంది."

"మరి తోక తీసుకెళ్ళి అది చస్తే నీ చదువు?"

పురుగులమ్మాయి సంచిలోంచి బ్లేడు తీసింది.

మంచుగడ్డ తెచ్చింది ఆయనే. పురుగులమ్మాయి మెల్లని దాని మీద పెట్టింది. వందల పురుగుల్ని కోసిన చెయ్యి అది, పేరున్నదాన్ని కొయ్యడం ఇదే మొదలు. కోసింది. ఆవిడ రెండు ముక్కల్నీ రెండు చిన్న గిన్నెల్లో వేసి, వెలుతురుకి ఎత్తి చూసింది. తల ముక్క చకచకా తిరుగుతోంది. తోక ముక్క ఉన్నచోటే ఉంది.

"ఇదా? ఇదా?" అంది, షాపులో అడిగినట్టే. తర్వాత జవాబు కోసం చూడకుండా తల ఉన్న గిన్నె పురుగులమ్మాయి చేతిలో పెట్టింది. "నీకిది. నాకిది. నేను గిన్నె కొట్టుకుంటూ కూచుంటాలే. తలొచ్చాక దానికి నేను గుర్తున్నానో లేదో చూసి చెప్తా. అదీ మీకు తెలియదుగా?"

"తెలియదు పిన్నీ."

"మంచిది. నాకో పని దొరికింది."

ఆ తల లోంచే పురుగులమ్మాయి పరిశోధనంతా మళ్ళీ మొలిచింది. రెండు, నాలుగు, ఎనిమిది. బూజుని గిన్నెల ఛాయలకి రానివ్వకుండా తలుపు మీద కాగితం అంటించారు, అంటించింది వాడే. కళ్ళు లేని, నోరు లేని తోక ముక్క ముందు ఆవిడ మాత్రం రోజూ కళ్ళజోడు కాడతో కొడుతూ కూచుందని వాళ్ళకి తర్వాత తెలిసింది. ఒకరోజు ల్యాబుకి ఫోను వచ్చింది.

"తలొచ్చిందమ్మాయ్. కళ్ళూ వచ్చాయి. మళ్ళీ మెల్లే," అంది ఆవిడ గొంతు. "కొట్టాను. వచ్చింది."

పురుగులమ్మాయి ఎగిరి గంతేయాల్సింది. కానీ చదువు అనేది ఒకటి ఏడిచింది కదా. "లివరు అప్పటికే నీళ్ళలో వేశారా పిన్నీ? వాసనకి వచ్చిందేమో. కొట్టకుండా వదిలేస్తే ఎన్నిసార్లు వచ్చిందో..."

"ఇదిగో, నువ్వు మళ్ళీ మొదలెట్టకు. వచ్చింది," అని ఫోను పెట్టేసింది.

థీసిస్ పూర్తయింది. చివర కృతజ్ఞతల పేజీలో గైడుగారి పేరు తర్వాత మెల్ల పేరు ఉంటుంది, చూసినవాళ్ళు ఎవరో విద్యార్థి అనుకుంటారు. పురుగులమ్మాయి అక్కడే ఉద్యోగంలో చేరి పురుగుల మేడం అయింది. బూజు ఇంకో ఊళ్ళో బూజు సార్ అయ్యాడు. లాండ్రీలో మిషన్లు మారాయి, బల్ల మారలేదు. అప్పట్నుంచి మేడం విద్యార్థులు ఆ పొట్టి కాలు కింద అట్టముక్క పెట్టి కూచునేవాళ్ళు, ఆవిడ వాళ్ళ వెనక బెంచీ మీద కూచుని వినేది. పిన్ని పండక్కో పబ్బానికో అన్నట్టు ఎప్పుడైనా వచ్చి, పిల్లల్ని కాసేపు అడగరాని ప్రశ్నలతో వేపుకుతిని పోయేది. తర్వాత రావడం తగ్గింది. తర్వాత రాలేదు. ఆస్పత్రిలో ఉందని తెలిసి మేడం వెళ్ళి చూసింది. అప్పుడు కూడా ఆవిడ అడిగింది మెల్లకి ఎవరు పెడుతున్నారనే.

ఆవిడ పోయిన కొన్ని వారాలకి, ఒక శనివారం, ఆవిడ భర్త లాండ్రీకి వచ్చాడు. ఆ రోజు బల్ల దగ్గర కూచోవాల్సిన పిల్లలు పరీక్షల్లో ఉంటే మేడమే కూచుంది. ఆయన నల్లగుడ్డ కప్పిన గిన్నెని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ అంచులు సర్దాడు, మళ్ళీ సర్దాడు. ఆయనకి మాటలంటే ఎంత కష్టమో తెలుసు గనక మేడం కూడా తొందరపెట్టలేదు.

"నాకు రావట్లేదు," అన్నాడు చివరికి. "రోజూ కొడుతున్నాను. రాయి కిందే ఉంటోంది. నీ దగ్గరుంచు."

"దేంతో కొట్టారండీ?"

ఆయన చూపుడు వేలు చూపించాడు.

మేడం ఆ వేలు వంక, తర్వాత ఆయన చొక్కా వంక చూసింది. జేబులో పిన్ని కళ్ళజోడు ఉంది. పక్కింటికి వెళ్ళిన మనిషి మరిచిపోతే ఇచ్చేద్దామని పెట్టుకున్నట్టు ఉంది.

"దాంతో కొట్టండి," అంది.

ఆయన తీశాడు. అద్దాలు తుడిచాడు, అలవాటు. కాడ విప్పి, అంచు మీద టక్ టక్ టక్ మని కొట్టాడు. మిషన్ల దడకి నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఏమీ జరగలేదు. మళ్ళీ కొట్టాడు. రాయి కింద నుంచి మట్టిరంగు కొస ఒకటి కనిపించి, సాగి, బయటికి జారి, అంచు దగ్గరికి వచ్చి తల ఎత్తింది. గిన్నెలో లివరు లేదు. ఆ సంగతి మేడం చూసింది. ఒకసారి వస్తే ఏదీ రుజువు కాదని కూడా ఆవిడకి తెలుసు. తెలిసినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన వంగి చూస్తూ ఉండిపోయాడు. "ఇది ఆవిడ మొదట తెచ్చిందేనా? అదేనా ఇది?" అన్నాడు.

ఇన్నేళ్ళలో మేడం ఆ ప్రశ్న మీద రాయని వ్యాసం లేదు, వెళ్ళని సభ లేదు.

"తెలియదండీ," అంది. "నాకే కాదు, ఎవరికీ తెలియదు."

ఆయన తలూపి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, వెళ్ళిపోవడానికి తిరిగాడు. మేడం గిన్నె మీద నల్లగుడ్డ కప్పి, ఆయన వైపుకి తోసింది.

"మాతో తెలియదనిపించినవాళ్ళదే పురుగు. ఇక్కడి రూలు. పిన్ని కూడా అలాగే తీసుకెళ్ళింది."

"నేను ఇచ్చేద్దామని వచ్చాను," అన్నాడాయన.

"తెలుసండీ."

ఆయన గిన్నె వంక చూశాడు, తలుపు వంక చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూచున్నాడు. "లివరు ఎక్కడ కొనేదో నాకు తెలీదు. చిన్నగా తరిగేది, ఇంతింత," అని వేళ్ళతో చూపించాడు. "తరుగుతూ దీంతో మాట్లాడేది. షాపులో ఎవరెవరు ఏమేం అన్నారో మొత్తం చెప్పేది. నాకు చెప్తున్నట్టే ఉండేది, దీనికి చెప్తున్నట్టే ఉండేది. ఒకరోజు ఏమైందంటే..."

ఆయన బట్టలేవీ తీసుకురాలేదు. ఆగాల్సిన మిషను ఏదీ లేదు. మేడం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.